అప్ ఎప్పుడూ లేటే

పక్క క్వార్టరు కుర్రాడు గిటార్ తీశాడంటే గోడకి ఇవతల నాకు తెలిసిపోతుంది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్ అప్రెంటిస్. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, ఏడు కొట్టేసరికి మొదలెడతాడు. జి మేజర్ స్కేలు, ఎక్కడం, దిగడం. టం-టి-టం-టి-టం-టి. ‘టం’ గట్టిగా ఉంటుంది, ‘టి’ ఉందో లేదో అన్నట్టుంటుంది. వేగం పెంచేకొద్దీ ఆ ‘టి’ వెనకబడి, తర్వాతి ‘టం’కి అంటుకుపోతుంది. కాలు బెణికినవాడు మేడ మెట్లు ఎక్కుతున్నట్టు వినబడుతుంది నాకు.

ఒకరోజు ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర టీ తాగుతుంటే వాడే అడిగాడు.

“బాబాయ్, ఆర్నెల్ల నుంచి రోజూ గంట కొడుతున్నాను. స్పీడు తొంభై దగ్గర ఆగిపోయింది. డ్యూటీ చేసేవాడికి ఇది వచ్చే పని కాదేమో.”

“ఆకురాయి పట్టడం నేర్పారు కదా నీకు. అది ఎటు కోస్తుంది?”

“ముందుకి తోసేటప్పుడే.”

“వెనక్కి లాగేటప్పుడు?”

“నొక్కకూడదు. పళ్లు అరిగిపోతాయి.”

“పిక్‌ని కూడా అలాగే పట్టావు మరి. పగలంతా ఆకురాయి, సాయంత్రమూ ఆకురాయే.”

వాడు నవ్వాడు గానీ నేను జోక్ చెయ్యలేదు. ఫిట్టర్ పనిలో చేతికి వచ్చే మొదటి అలవాటే అది: ఒక వైపు బలం, ఇంకో వైపు విశ్రాంతి. ఆకురాయైనా, హ్యాక్సా బ్లేడైనా, సుత్తైనా అంతే. గిటార్ మీద ఆల్టర్నేట్ పికింగ్ ఈ అలవాటుకి సరిగ్గా ఎదురు. పిక్‌తో తీగ మీద కిందికి ఒక డౌన్, పైకి ఒక అప్, మళ్లీ డౌన్, మళ్లీ అప్. రెండూ కోయాలి, రెండూ ఒకేలా మోగాలి. రైల్వే వాళ్లకి అప్, డౌన్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. మన చేతిలో డౌన్ బండి టైముకే వస్తుంది, అప్ బండి ఎప్పుడూ లేటు.

ఆ రోజు టీ కొట్టు దగ్గర సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, వాడిలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు కనక. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన వాళ్లు వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. గిటార్ మాత్రం మన వాళ్లతో రాలేదు. రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ ఇళ్లలోంచి, ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు జరిగే రాత్రుల్లోంచి మన వీధుల్లోకి దిగింది. ఆ తర్వాత చర్చి క్వయర్లు, పెళ్లి బ్యాండ్లు పట్టుకున్నాయి. పూరీ గేట్ దాటి కొంచెం వెళ్తే ఐఐటీ. జనవరిలో అక్కడ స్ప్రింగ్ ఫెస్ట్ జరిగే రోజుల్లో డ్యూటీ దిగిన కుర్రాళ్లు రాక్ బ్యాండ్లు విందామని గేటు బయట తిరుగుతుంటారు. వాళ్లలో నలుగురైదుగురు మర్నాడే గిటార్ కొంటారు. మూడో నెలకి ఆ గిటార్ బీరువా మీదికి చేరుతుంది. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట: టైము లేదు.

టైము లెక్క ముందు తేల్చేద్దాం. ఈ పనికి రోజుకి గంట అక్కర్లేదు. అలిసిన చేత్తో గంటసేపు తప్పు కొడితే ఆ తప్పే చేతికి గట్టిపడుతుంది. ఇరవై నిమిషాలు చాలు, కానీ వారంలో ఆరు రోజులు. అంతకంటే ముఖ్యం, ఆ ఇరవై నిమిషాల్ని గడియారానికి కాదు, డ్యూటీకి కట్టాలి. రోస్టర్‌లో పనిచేసేవాడు ‘రోజూ ఏడింటికి’ అని ఒట్టు పెట్టుకుంటే వారం తిరక్కుండానే ఒట్టు తప్పుతుంది. ‘డ్యూటీకి బయల్దేరే ముందు’ అనుకుంటే షిఫ్ట్ ఏదైనా నిలుస్తుంది. దిగొచ్చాక అని పెట్టుకోవద్దు. నైట్ చేసి వచ్చినవాడి చేతికి కావలసింది నిద్ర. రన్నింగ్ స్టాఫ్‌కి ఇదీ కుదరదు, పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. వాళ్లు జేబులో ఒక పిక్ వేసుకుని, రన్నింగ్ రూమ్‌లో ప్యాంటు మడత మీదో, పుస్తకం అంచు మీదో మణికట్టు కదలిక చేసుకోవచ్చు. నవ్వకండి. చేతికి కదలిక నేర్పడానికి తీగతో పనిలేదు.

ఈ ఊళ్లో ఇలాంటి మాట వస్తే ఎవరో ఒకరు ధోనీ పేరు ఎత్తుతారు. 2001 నుంచి 2003 దాకా ఆయన ఇక్కడే టికెట్ ఎగ్జామినర్. ఉద్యోగం ఆటకి అడ్డం కాలేదని చెప్పడానికి ఆ పేరు వాడుకుంటారు. నాకు మాత్రం ఆ పోలిక అంత నచ్చదు. ఆయన చివరికి ఉద్యోగం వదిలి వెళ్లాడు. మనం వదలం. జీతమూ కావాలి, స్కేలూ కావాలి. మన లెక్క వేరు.

ఇక చెయ్యి. పిక్ కొన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తే చాలు. ఎక్కువ బయటికి ఉంటే తీగలో దిగబడిపోతుంది. ముఖ్యంగా అప్ కొట్టేటప్పుడు కొక్కెంలా తగులుకుంటుంది. కొత్తవాళ్లు పల్చటి పిక్ కొంటారు, తీగకి మెత్తగా తగులుతుందని. పాటకి తాళంగా కార్డులు కొట్టడానికి అది బాగుంటుంది. స్కేలుకి పనికిరాదు; పిక్ వంగి, తిరిగి నిలబడేలోపు తర్వాతి స్వరం వేళ దాటిపోతుంది. 0.88 నుంచి 1.14 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. పిక్‌ని తీగకి బల్లపరుపుగా ఆనించకుండా అంచు కొంచెం ఏటవాలుగా పెడితే రెండు వైపులా జారుతుంది. కదలిక మణికట్టులోంచి రావాలి. మోచేయి బిగిసిందంటే మీరు వేగం కోసం బలం వాడుతున్నారన్నమాట, ఆ బలం పది నిమిషాల్లో అయిపోతుంది. పిక్ ఎంత దూరం ఊగుతోందో చూసుకోండి. తీగ దాటి ఒక అంగుళం పోయి తిరిగొస్తుంటే, పక్క ప్లాట్‌ఫాం మీదికి వెళ్లడానికి స్టేషనంతా చుట్టి వచ్చినట్టే.

ఇప్పుడు మెట్లు, అంటే ఫ్రెట్లు. మా కుర్రాడు కొట్టేది తీగకి మూడు స్వరాల వరస. లావు తీగ, అంటే ఆరోది, దాని మీద 3, 5, 7 మెట్లు. అయిదో తీగ మీద మళ్లీ 3, 5, 7. నాలుగో దాని మీద 4, 5, 7. మూడో దాని మీద 4, 5, 7. రెండో తీగ మీద 5, 7, 8. ఒకటో తీగ మీద 5, 7, 8. మొత్తం పద్దెనిమిది స్వరాలు. వేళ్లకి ఇది సుఖంగా ఉంటుంది కనక అందరూ దీన్నే పట్టుకుంటారు. చిక్కంతా కుడి చేతిది. మూడు బేసి సంఖ్య. ఆరో తీగ డౌన్‌తో మొదలెడితే డౌన్-అప్-డౌన్‌తో ముగుస్తుంది. అందుకని అయిదో తీగ అప్‌తో మొదలవ్వాలి. నాలుగోది డౌన్‌తో, మూడోది అప్‌తో, అలా ఒకటి విడిచి ఒకటి.

అయిదో తీగ దగ్గరే అందరి చెయ్యీ దొంగపని చేస్తుంది. ఆరో తీగ మీద చివరి డౌన్ కొట్టిన ఊపులోనే జారి అయిదో తీగ మీద ఇంకో డౌన్ పడిపోతుంది. ఆ ఊపు సహజం. దాన్నే పద్ధతిగా చేసుకుని వాయించేవాళ్లూ ఉన్నారు, ఎకానమీ పికింగ్ అంటారు. అది నేర్చుకోవాలంటే వేరే రోజు నేర్చుకోండి. తెలియకుండా చేస్తే మాత్రం అది పద్ధతి కాదు, జారిపోవడం. గోడ అవతల ఉన్నవాడికి కూడా తెలుస్తుంది: మూడో స్వరం, నాలుగో స్వరం దగ్గరగా వచ్చేస్తాయి. దీన్ని పట్టుకోవడానికి ఒకటే దారి, నోటితో ‘డౌన్, అప్’ అనుకుంటూ వాయించడం. ఇంట్లో వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

తీగ మారడంలోనూ రెండు రకాలున్నాయి. లావు తీగ మీద డౌన్, దాని పక్కనున్న సన్న తీగ మీద అప్ అయితే పిక్ రెండు తీగలకీ బయటి వైపు నుంచి వచ్చి తగులుతుంది. లావు తీగ మీద అప్, సన్న తీగ మీద డౌన్ అయితే రెండు తీగల మధ్య ఇరుకులోంచి కొట్టాలి. ఈ రెండోది చాలామందికి కష్టం. పైన చెప్పిన జి మేజర్ ఎక్కేటప్పుడు ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకే వరసలో రెండు రకాల మలుపులు పెట్టుకుని, ఏది సరిగ్గా రావట్లేదో తెలీక, మొత్తం స్కేలునే వందసార్లు కొడతాడు కొత్తవాడు. వర్క్‌షాప్‌లో ఏ ఫిట్టరూ అలా చెయ్యడు. చప్పుడు ఏ బేరింగ్‌లోంచి వస్తోందో ముందు వెతుకుతాడు.

అలా వెతకడానికి మన దగ్గర పాత పనిముట్టు ఒకటుంది. నాకు అది గిటార్ పుస్తకాల్లో దొరకలేదు, పక్కింట్లో సంగీతం నేర్చుకునే పిల్లల నోటి నుంచి దొరికింది. జంట వరసలు. స-స, రి-రి, గ-గ, మ-మ. ప్రతి స్వరం రెండుసార్లు. పిల్లలకి టీచర్లు చెప్పే కిటుకు ఏమిటంటే, రెండో స్వరం మీద ఒత్తు పెట్టాలి. గిటార్ మీద ఈ జంటని ఆల్టర్నేట్‌గా కొడితే మొదటి స్వరం డౌన్, రెండోది అప్. ఒత్తు పడాల్సింది రెండో దాని మీద కనక, ఆ ఒత్తు అప్ మీదే పడుతుంది! మన చేతిలో బలహీనంగా ఉన్న దెబ్బకే బలం పెట్టించే పాఠం ఎప్పట్నుంచో మన పిల్లల నోట్లో ఉంది.

జంట కొడితే ఇంకో లాభం కూడా ఉంది. తీగకి మూడు స్వరాలు, ఒక్కోటి రెండుసార్లు, ఆరు దెబ్బలు. సరి సంఖ్య. అంటే ప్రతి తీగా డౌన్‌తోనే మొదలవుతుంది. ఎక్కేటప్పుడు అన్ని మలుపులూ ఆ ఇరుకు మలుపులే, దిగేటప్పుడు అన్నీ బయటి మలుపులే. ఇప్పుడు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఎక్కేటప్పుడు తడబడుతుంటే మీ జబ్బు ఇరుకు మలుపు, దిగేటప్పుడు తడబడితే బయటిది. ఒకవేళ రెండింట్లోనూ తడబడితే వేగం తగ్గించండి.

కాలాల లెక్క కూడా సంగీతం వాళ్లదే తీసుకోండి. మెట్రోనోమ్‌ని 60 దగ్గర పెట్టి కదపకండి. మొదటి కాలంలో టిక్‌కి రెండు దెబ్బలు, అంటే ఒక జంట. రెండో కాలంలో టిక్‌కి నాలుగు. మూడో కాలంలో ఎనిమిది, అంటే సెకనుకి ఎనిమిది దెబ్బలు. గిటార్ వాళ్లు ‘120 దగ్గర పదహారో వంతు స్వరాలు’ అని గొప్పగా చెప్పుకునే వేగం ఇదే. మా కుర్రాడు ఆగిపోయిన తొంభై అంటే సెకనుకి ఆరు. ఆ రెండింటి మధ్య దూరం ఒక్కసారిగా దాటలేరు కనక, మూడో కాలం అందనివాళ్లు మెట్రోనోమ్‌ని 40కి దించి మూడు కాలాలూ అక్కడే చెయ్యండి. రోజుకి రెండు చొప్పున పెంచుతూ పోవద్దు. మూడు రోజులు వరసగా తప్పు లేకుండా వస్తే అప్పుడు ఒక మెట్టు ఎక్కండి. మెట్టు అంటే మెట్రోనోమ్ మీద నాలుగు.

జంట కుదిరాక సరళికి రండి, అంటే ఒక్కో స్వరం ఒక్కసారే. పైన చెప్పిన వరసలో కింది స్వరాన్నీ పై స్వరాన్నీ రెండోసారి కొట్టకుండా ఎక్కి దిగితే ఒక చుట్టుకి 34 దెబ్బలు. సరి సంఖ్య కనక ప్రతి చుట్టూ డౌన్‌తోనే మొదలవుతుంది. కానీ 34ని నాలుగుతో భాగిస్తే రెండు మిగులుతాయి. టిక్‌కి నాలుగు చొప్పున వాయిస్తే రెండో చుట్టులో ఒత్తులన్నీ రెండు స్వరాలు పక్కకి జరుగుతాయి, రెండు చుట్లు పూర్తయ్యేసరికి పదిహేడు టిక్కులు అయి మళ్లీ మొదటికి వస్తాయి. ఇది కుడి చేతికి మంచి పరీక్ష. టిక్‌తో కలిసే వాయిస్తున్నారా, వేళ్లు వెళ్లినట్టు వెళ్లిపోతున్నారా అన్నది ఆ పదిహేడో టిక్ దగ్గర బయటపడుతుంది.

ఈ స్కేలు మనకి శంకరాభరణం. పిల్లలు సరళి నేర్చుకునే మాయామాళవగౌళ కావాలంటే ఆరో తీగ మీద 3, 4, 7. అయిదో తీగ మీద 3, 5, 6. నాలుగో తీగ మీద 4, 5. వినడానికి ఇంట్లో అమ్మలకి ఇదే నచ్చుతుంది. కాకపోతే 4 నుంచి 7కి వేళ్లు సాచాలి. మొదటి మూడు నెలలూ దాని జోలికి పోకండి.

పిక్‌తో కర్ణాటక సంగీతం ఏమిటి అని ముఖం చిట్లించేవాళ్లకి ఒక పేరు చాలు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్ పిక్‌తో వాయించే వాయిద్యం. జంట తీగలతో ఉండే దాన్ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని కచేరీలు చేశాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని తీగ మీద పలికించేవాడు. ఆల్టర్నేట్ పికింగ్‌కి పేరుపడ్డ ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ పక్కన కూర్చుని వాయించాడు. 2014లో నలభై అయిదేళ్లకే శ్రీనివాస్ పోయాడు. ఆయన రికార్డు ఏదైనా పెట్టుకుని, రాగం సంగతి పక్కనపెట్టి, దెబ్బలు మాత్రం వినండి. ఏది డౌన్, ఏది అప్ అని చెవితో విడదీయబోతే విడదీయలేరు. మనకి కావలసింది అదే.

గురువు పాడితే శిష్యుడు వాయించడం అన్న మాటలో మనకి పనికొచ్చేది ఉంది. వాయించబోయేది ముందు నోటితో అనండి. నోరు సమంగా అనలేని వేగంలో చెయ్యి సమంగా వాయించదు. బెంగాలీ మిత్రులుంటే సరోద్ నేర్చుకున్నవాళ్లని అడగండి. కొబ్బరి చిప్ప ముక్కతో మీటే ఆ వాయిద్యంలో కిందికి మీటితే ‘డా’, పైకి మీటితే ‘రా’. ‘డారా డారా’ అని నోటితో అనకుండా వాళ్లు చేతిలోకి తీసుకోరు. రెండు దెబ్బలకీ రెండు పేర్లు పెట్టుకున్నవాళ్లు ఒకదాన్ని ఎలా మర్చిపోతారు?

శరీరం సంగతి. సుత్తి, గ్రైండర్, న్యూమాటిక్ పనిముట్లు పట్టిన రోజున వేళ్లలో ఒక జలదరింపు ఉండిపోతుంది. అది పోయేదాకా గిటార్ ముట్టొద్దు. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి కాసేపు ఊరుకోండి. ఆ రోజుకి నోటి సాధన చాలు. సాధన చేస్తుంటే అలసట రావచ్చు, నొప్పి రాకూడదు. మణికట్టు దగ్గర సూది పోటు, వేళ్లు తిమ్మిరెక్కడం కనిపిస్తే అక్కడితో ఆపాలి. రెండు మూడు రోజులు ఆపినా అది మళ్లీ వస్తుంటే రైల్వే ఆస్పత్రికి వెళ్లి చూపించుకోండి. గిటార్ కోసం కాకపోయినా డ్యూటీ కోసం. ఆ చేతులే మీకు జీతం తెస్తున్నాయి.

చెవి కూడా అంతే. వర్క్‌షాప్‌లో రోజంతా మోత విన్నవాళ్లు ఇయర్‌ఫోన్లో మెట్రోనోమ్ గట్టిగా పెట్టుకోవద్దు. మెట్రోనోమ్ ఫోన్లో పెట్టి బల్ల మీద ఉంచితే సరిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ అయితే యాంప్‌కి తగిలించకుండానే సాధన చేసుకోవచ్చు. అకూస్టిక్ అయితే బ్రిడ్జి పక్కన తీగల కింద ఒక రుమాలు దూర్చండి, మోత సగానికి పైగా తగ్గుతుంది. క్వార్టర్లలో గోడలు పల్చన. మీ సాయంత్రం పక్కింట్లో నైట్‌కి వెళ్లేవాడి అర్ధరాత్రి అని గుర్తుంచుకోండి. రుమాలు పెట్టినప్పుడు ఇంకో లాభం కూడా: తీగ మోగడం తగ్గి దెబ్బ మాత్రమే వినిపిస్తుంది కనక, ‘టం’కీ ‘టి’కీ తేడా ఇట్టే దొరికిపోతుంది.

జూన్ దగ్గర్నుంచి ఇక్కడి గాలిలో తడి. తీగలు రెండు వారాల్లో తుప్పు పడతాయి, పిక్ వాటి మీద గీసుకుపోతుంది. వాయించాక పొడిగుడ్డతో ఒక్కో తీగా తుడవండి, అడుగు వైపు కూడా. కొత్త సెట్ కావాలంటే హౌరా దాకా దాదాపు 115 కిలోమీటర్లు లోకల్లో వెళ్లి, కోల్‌కతాలో లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలో వరసగా ఉండే వాయిద్యాల కొట్లలో కొనుక్కోవచ్చు. ఎలక్ట్రిక్‌కి 9 లేక 10 సైజు సెట్ అడగండి. అకూస్టిక్‌కి 11 చాలు. 12 బిగిస్తే షిఫ్ట్ చేసొచ్చిన వేళ్లకి అది ఇంకో షిఫ్ట్.

వారానికి ఒకసారి ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి, వెంటనే కాకుండా మర్నాడు వినండి. వాయించిన వెంటనే వింటే చేతికి గుర్తున్నది చెవి వింటుంది. మర్నాడు టీ టైములో వింటే ఉన్నది వినిపిస్తుంది.

ఈ వారం మా కుర్రాడికి నైట్లు. సాయంత్రం ఆరున్నరకి గోడ అవతల జంటలు మొదలవుతున్నాయి, రుమాలు పెట్టిన గొంతుతో, రెండో దాని మీద ఒత్తుతో. ఏడు దాటాక సైకిల్ స్టాండ్ తీసిన చప్పుడు. జంటలు బాగానే ఉన్నాయి. సరళిలో మాత్రం అయిదో తీగ దగ్గర ఇంకా రెండు డౌన్లు వేస్తున్నాడు. రెస్ట్ రోజున టీకి పిలిచి చెప్పాలి.